మేనకోడలు అడిగితే

మా అమ్మ చనిపోయిన ఏడాది, బలోలో కాలం వచ్చేసరికి, ఫిజీ రాజధాని సువాలోని మా క్వార్టర్లో ముగ్గురం కాస్తా ఇద్దరమయ్యాం. నేనూ, మా మేనమామ కూతురు సలసేయినీ. యూనివర్సిటీలో నేను సముద్ర జీవశాస్త్రం పాఠాలు చెప్పేదాన్ని. సలా నా దగ్గరే చదువుకుని, నా ప్రయోగశాలలోనే పనిచేస్తూ మా ఇంట్లోనే ఉండేది. అమ్మ గురించి మాట్లాడుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. అందుకని పొద్దస్తమానం దరఖాస్తు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఆ దరఖాస్తు పరిశోధన నిధుల కోసం మా యూనివర్సిటీ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నుంచి ఇంకో యూనివర్సిటీ కలిసి పెట్టుకుంటున్నది. మంజూరైతే అయిదేళ్ళు కలిసి పరిశోధన చేయొచ్చు, ఇక్కడి పిల్లలు అక్కడికి వెళ్ళి పెద్ద చదువులు చదువుకోవచ్చు. వెళ్ళే మొదటి మనిషి పేరు కూడా అందులో రాసేశాం. అది సలా పేరు.

"వదినా, ఈ వాక్యం ఎక్కడ మొదలైందో నీకైనా గుర్తుందా?" అనేది నా భుజం మీంచి తొంగిచూస్తూ. "ఇది చదివి ముగించేలోపు బలోలో వచ్చి వెళ్ళిపోతుంది."

"నీ స్పెల్లింగులు చూస్తే వాళ్ళు నీకు డాక్టరేటు ఇవ్వరే, పలకా బలపం ఇస్తారు."

"ఇవ్వనీ. నీకు కళ్ళద్దాలిస్తారు. ఇద్దరం బాగుపడతాం."

బలోలో అంటే పగడపు దిబ్బల్లో ఉండే సన్నటి ఆకుపచ్చ పురుగు. ఏడాదికి ఒకటి రెండు తెల్లవారుజాముల్లో మాత్రం, చంద్రుడి లెక్కన ముందే తెలిసే రోజుల్లో, గుంపులు గుంపులుగా నీటి మీదికి తేలుతుంది. ఊళ్ళకు ఊళ్ళు పడవల్లో వెళ్ళి తోడుకుంటాయి, అంతకు మించిన విందు మాకు లేదు. అది ఏటేటా తగ్గిపోతోందా, సముద్రం వేడెక్కడం వల్లేనా అన్నది మా ప్రశ్న. దరఖాస్తు మొదటి వడపోత దాటింది. రెండో వడపోతకు, రెండు యూనివర్సిటీల వాళ్ళూ కలిసి ఒకేచోట తీసిన నమూనాలు చూపించాలి. ఆ చోటు లోమైవితి దీవుల్లో మా అమ్మ పుట్టిన వైతాలే అనే ఊరి దిబ్బ అని మొదటి విడతలోనే రాసిచ్చాం. నవంబరు బలోలో రోజున తీయాలి. నెలాఖరుకి గడువు.

సెప్టెంబరులో అమ్మ పోయింది. వైతాలే ఊరికి పెద్ద మా మామ అపొరోసా, అమ్మకు తమ్ముడు. అమ్మను అక్కడే పూడ్చిపెట్టాక ఆ సాయంత్రమే మామ దిబ్బ మీద కర్ర పాతి, దానికి కొబ్బరాకు కట్టాడు. నూరు రాత్రులు గడిచేదాకా అక్కడ ఎవరూ వల వేయకూడదు, చెయ్యి తడపకూడదు. ఊరు తన పెద్ద ఆడపడుచుకు అలా దుఃఖం పాటిస్తుంది. బలోలో రోజు ఆ నూరు రాత్రుల మధ్యలో పడింది.

ఒకరోజు అన్నాలయ్యాక సలా కంచాలు తీయకుండా కూర్చుంది.

"వదినా, నువ్వు అడుగు."

"ఏమని?"

"తెలియనట్టు మాట్లాడకు. ఒక్క తెల్లవారుజాము దిబ్బ తెరవమని అడుగు."

"నువ్వే అడగరాదూ? మీ నాన్నేగా."

"నేను కూతుర్ని. నేనడిగితే పోయి చేమదుంపలు చెక్కమంటాడు. నువ్వడిగితే ఉంటున్న ఇల్లు విప్పి ఇస్తాడు."

ఆమె అన్నది నిజం. మావాళ్ళలో ఆడపడుచు బిడ్డకు తల్లి పుట్టిన ఊరి మీద ఒక హక్కుంటుంది. ఆ బిడ్డను వసు అంటాం. మేనమామ ఊళ్ళో వసు నోరు తెరిచి కావాలన్నది ఏదైనా సరే, కాదనే వీలు ఎవరికీ లేదు. చిన్నప్పుడు నేను మామ పెంచుకుంటున్న పందిపిల్లను చంకన పెట్టుకుని పడవెక్కితే ఊరంతా పడీపడీ నవ్విందే తప్ప ఎవ్వరూ అడ్డం రాలేదు. అమ్మ మాత్రం వీపు మీద ఒక్కటిచ్చింది. కాదనలేని వాళ్ళ దగ్గరే నోరు అదుపులో ఉండాలని ఆ రోజు చెప్పింది.

"మా అమ్మ కోసం మూసిన దిబ్బను నేనే తెరిపించానని అనిపించుకోను" అన్నాను.

"అత్త ఉంటే అడగమనేది."

"అత్త లేదుగా."

సలా లేచి కంచాలు తీసింది. కాసేపటికి వంటింట్లోంచి, "ఏడుస్తున్నావా, దరఖాస్తు దిద్దుతున్నావా? రెండూ ఒకేలా ముక్కు చీదుతావు" అని కేకేసింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

దిబ్బ మూసి ఉందని క్వీన్స్‌లాండ్‌లో ఉన్న ఫిలిపాకు రాశాను. ఆవిడ అక్కడి ప్రొఫెసరు, దరఖాస్తులో నాతో సమానంగా బాధ్యురాలు. దిబ్బ బయటి అంచున, నిషేధం లేని నీళ్ళలో తీద్దాం, అంతకంటే ఏం చేస్తాం అని బదులిచ్చింది. నవంబరులో ఫిలిపా వచ్చింది. బలోలోకి రెండు రోజుల ముందు సలాతో కలిసి ముగ్గురం వైతాలే చేరాం. ఆచారం ప్రకారం, మావాళ్ళు దంచి పానీయం చేసుకునే యంగోనా వేరు కట్ట మామ ముందు పెట్టి, ఊళ్ళో అడుగుపెట్టడానికి అనుమతి అడిగాం. ఊరంతా నల్లబట్టల్లోనే ఉంది. ఆ పొద్దు పడవేసుకుని బయటి అంచుకు పోయి చూశాం. అక్కడ అలలు విరుచుకుపడుతున్నాయి. పడవ ఒక్క క్షణం నిలవలేదు. ఫిలిపాకు వాంతులయ్యాయి.

సాయంత్రం మామ ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. పోటు తగ్గి, దిబ్బ లోపలి నీళ్ళు తేటగా, కదలకుండా ఉన్నాయి. మధ్యలో కర్ర, దానికి ఎండిపోయిన కొబ్బరాకు. ఎప్పుడూ ఈ కాలానికి అమ్మ సువా నుంచి వచ్చేసేది. పడవ ముందు భాగంలో తనే నిలబడేది, ఇంకొకరిని నిలబడనిచ్చేది కాదు.

"లోపల ఎంత ప్రశాంతంగా ఉందో మామా" అన్నాను. "ఈసారి బలోలో విరగబడి వచ్చేట్టుంది. చూడాలనుంది."

మామ సూది ఆపాడు. నాకేసి చూడలేదు. కాసేపటికి మళ్ళీ వల అల్లడం మొదలుపెట్టాడు.

తెల్లవారి లేచేసరికి కర్ర లేదు.

ఎక్కడికో కొట్టుకుపోయిందనుకున్నాను. సలా పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. "దొంగమొహం! అడగను అడగను అంటూనే అడిగేశావా? నాన్న పొద్దున్నే పీకేశాడు. రేపు ఒక్క పూటకి మాత్రమే, అదీ నీకు మాత్రమే అన్నాడు!" నా బుగ్గ గట్టిగా గిల్లింది. "నా డాక్టరేటులో మొదటి పేజీ నీకే వదినా. 'ముసలిదానికి' అని రాస్తా."

నేనేమడిగానో అప్పుడు వెలిగింది. చూడాలనుంది అన్నాను. ఇంకెక్కడైనా ఆ మాట ఉత్త ముచ్చట. తల్లి పుట్టిన ఊళ్ళో, మేనమామ ముందు కూర్చుని, మేనకోడలు ఫలానాది కావాలని ఉందంటే అది అడగడమే. అమ్మ మీద బెంగతో అన్నాను. మామకు వసు మాట వినిపించింది.

ఫిలిపా అరుగు మీద కంప్యూటరు తెరిచి కూర్చుంది. సంతోషంతో ఆవిడ మొహం వెలిగిపోతోంది. "మీ చుట్టరికమే మన బలం అని మొదటి నుంచీ చెబుతున్నానా?" అంది. "రా, ఇదొక్కటీ నువ్వు పూర్తి చెయ్యి. నీకు చాలా తేలిక." తెర మీద దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. ఈ పనికి ఊరివాళ్ళు ఒప్పుకున్నారా, కాదనే స్వేచ్ఛ వాళ్ళకుందా, వివరించండి అని.

వేళ్ళు మీటల మీద పెట్టాను. ఫిజీ అంతటిలో ఎవరొచ్చి అడిగినా వైతాలే వాళ్ళు కాదనగలరు. ప్రభుత్వాన్ని కాదన్నారు, హోటలు కట్టుకుంటామని వచ్చిన వాళ్ళను కాదన్నారు. కాదనలేనిది నన్నొక్కదాన్నే.

"తర్వాత రాస్తాను" అని లేచాను.

వంటపాకలో లుసియానా అత్త, అంటే మామ భార్య, కొబ్బరి కోరుతోంది. నన్ను చూసి పీట జరిపింది. మాట్లాడలేదు. ఎప్పుడూ నోరు మూయని మనిషి.

"కోపమా అత్తా?"

"నాకెందుకమ్మా కోపం? అడగడం నీ హక్కు. ఇవ్వడం ఆయన పని."

"నేను అడగలేదత్తా. నోరు జారింది."

అత్త కోరడం ఆపలేదు. "మీ మామ ఊహ తెలిసినప్పటి నుంచీ మీ అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు, తెలుసుగా" అంది. తెలుసు. మాలో అక్కాతమ్ముళ్ళు ఊహ తెలిశాక ఎదురుపడి మాట్లాడుకోకూడదు. అది గౌరవం. మామ అమ్మకు ఏది పంపినా నా చేతికే ఇచ్చేవాడు, చేపైనా, చాపైనా, చీవాటైనా. "ఆ కర్ర పాతిన రోజు మాత్రం నీళ్ళలో నిలబడి చాలాసేపు మాట్లాడాడు. అటు తిరిగి ఉన్నాడు, ఏమన్నాడో నాకు తెలీదు. ఒడ్డుకొచ్చి, నూరు రాత్రులూ మా అక్క దగ్గర కూర్చుంటానే అన్నాడు. ఇవాళ పీకేటప్పుడు ఏమీ మాట్లాడలేదు."

కొబ్బరి చిప్ప పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

నేను ఊళ్ళోకి వెళ్ళి ఒక యంగోనా వేరు సంపాదించుకుని మామ దగ్గరికి పోయాను. గుమ్మంలోనే చాప మీద కూర్చుని, వేరు ముందు పెట్టాను.

"మళ్ళీ ఏంటి?" అన్నాడు.

"ఒకటి అడగాలి మామా."

"అడిగావు. ఇచ్చాను. ఇచ్చింది వెనక్కి తీసుకోను."

"వెనక్కి తీసుకోమనడం లేదు. కొత్తగా అడుగుతున్నాను. దిబ్బ మూసెయ్యి. అమ్మ నూరు రాత్రులూ అమ్మకిచ్చెయ్యి."

మామ వేరు వంక చూశాడు. గడ్డం నెరిసిపోయింది. ఈ రెండు నెలల్లోనే అనిపించింది.

"పూటకో మాట మీద కర్ర పీకి, పాతి… ఊరు నవ్వదా?"

"నవ్వనీ. నన్ను చూసి నవ్వుతారు. పందిపిల్లను ఎత్తుకుపోయినప్పుడు నవ్వలా?"

మామ నవ్వలేదు. "సలాకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"అది నా కూతురు" అన్నాడు మెల్లగా. "అది చదువుకోవడం నాకూ కావాలి విలీ. నువ్వు అడిగినందుకు తెరిచాను. అడగకుండా ఉంటే తెరిచేవాణ్ణి కాదు. కానీ నువ్వు అడిగినప్పుడు, ఒక పక్క సంతోషం కూడా వేసింది. అక్కకి మొహం ఎలా చూపించాలా అని రాత్రంతా పడుకోలేదు. దానికి నేను చెప్పలేను. నువ్వే చెప్పుకో."

వేరు మీద చెయ్యి వేసి, అరచేతులు గుండ్రంగా చేసి చప్పట్లు కొట్టాడు. అంటే తీసుకున్నట్టు. ఇక సలాకి చెప్పడం మిగిలింది.

సలా ఒడ్డున నమూనాల సీసాలు వరసగా పేర్చి, ఒక్కోదాని మీద పేరు రాస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. "రావే మహారాణీ. నీ దిబ్బ, నీ సముద్రం, సీసాలు మాత్రం నేను తుడవాలి."

చెప్పాను. మొదట ఆటపట్టిస్తున్నాననుకుని నా మీద ఇసక చల్లింది. తర్వాత నా మొహం చూసింది.

"మూసెయ్యమన్నావా?"

"అవును."

"నాన్న ఇచ్చాడు కదా. ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా."

"కాదనలేకపోతే ఇచ్చినట్టు ఎలా అవుతుంది సలా? ఆ ప్రశ్నకు నేనేం రాయను? వాళ్ళకు స్వేచ్ఛ ఉందని సంతకం పెట్టనా?"

"పెట్టు! అందరూ పెట్టరూ?" సీసా మూత బిగిస్తూ, విప్పుతూ ఉంది. "నమూనాలు లేకపోతే దరఖాస్తు చెత్తబుట్టలోకే అని నీకు తెలుసు. వచ్చే ఏడాదికి వాళ్ళు ఇంకో దేశం చూసుకుంటారు. నాకు ముప్ఫై దాటుతుంది. నాకు అడిగే హక్కు లేదు వదినా, నీకుంది. ఉన్న ఒక్క హక్కునీ తీసుకెళ్ళి నువ్వు…" ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. "అత్త చచ్చిపోయింది. నేను బతికే ఉన్నాను."

నేను వంగి సీసాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దసాగాను.

ఫిలిపాకు చెప్పినప్పుడు ఆవిడ కంప్యూటరు మూసేసింది. "అర్థమైందని అబద్ధం చెప్పను విలిమైనా" అంది. "కానీ దిబ్బ నాది కాదు." ఆ మాటకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మధ్యాహ్నం మామ నడుం లోతు నీళ్ళలో నిలబడి పాత గుంటలోనే కర్ర దింపాడు. ఒడ్డున ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. మామ అటు తిరిగి ఏదో అంటున్నాడు. గాలికి నాకు ఒక్క ముక్కా వినిపించలేదు.

మర్నాడు చీకటితోనే ఊరంతా ఒడ్డుకు వచ్చింది. రమ్మని ఎవరూ చెప్పలేదు. పడవలు పైకి లాగే ఉన్నాయి. ముందు పక్షులు వచ్చాయి, తర్వాత చేపలు. వెలుగు పడేసరికి దిబ్బ మీద నీళ్ళు ఆకుపచ్చగా, గోధుమగా చిక్కబడిపోయాయి. అంత బలోలో నేను నా జన్మలో చూడలేదు. తగ్గిపోతోందని పేజీల కొద్దీ రాసినదాన్ని నోరు తెరుచుకుని నిలబడ్డాను. ముసలివాళ్ళు మా అమ్మ పేరు తలుచుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, తనివితీరా, సెప్టెంబరు నుంచి ఏడవనిదంతా. సలా మోకాళ్ళ దాకా నీళ్ళలోకి నడిచింది. చేతిలో సన్నకన్ను వల ఉంది. తండ్రి పిలవలేదు, నేనూ పిలవలేదు. అక్కడే నిలబడింది. ఎండ పొడుచుకొచ్చి, పురుగులు కరిగి నీళ్ళు మళ్ళీ తేటబడేదాకా నిలబడి, వల పొడిగానే వెనక్కి తెచ్చింది.

దరఖాస్తు పంపాం. స్వేచ్ఛ గురించిన ప్రశ్నకు జరిగింది జరిగినట్టు రాశాను. నమూనాల చోట, లేవు అని రాశాను. డిసెంబరులో నాలుగు లైన్ల జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. దాన్ని సలాకి చూపిస్తే చదివి, మడిచి నా బల్ల మీద పెట్టింది. ఆ వారమే సవుసవు అనే ఊళ్ళో ఒక హోటల్లో, టూరిస్టులకు నీటి అడుగున చేపల్ని చూపించే పనికి కుదిరి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. క్వార్టర్లో నేనొక్కదాన్నే మిగిలాను. పొద్దుపోయాక వంటింట్లోంచి కేకేసే మనిషి లేదు.

నూరు రాత్రులు నిండిన రోజున వైతాలే వెళ్ళాను. నల్లబట్టలు విడిచారు, దిబ్బ తెరిచారు. చేపలు పడవలు మునిగేంత పడ్డాయి. మామ నూరు రాత్రుల తర్వాత గడ్డం గీయించుకుని కుర్రాడిలా ఉన్నాడు. మొదటి చేపను నా ముందు పెట్టించి, "ఇది మా అక్కకి" అన్నాడు అందరిలో. నా మనసు నిండింది. ఆ ఒక్క పూటకి నేను చేసింది సరైనదేనని నమ్మాను.

వడ్డనకు ఆడవాళ్ళు వచ్చారు. సలా కూడా సవుసవు నుంచి వచ్చింది. కొత్త పువ్వుల గౌను వేసుకుంది, ఎండకు నల్లబడింది. అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చి, వంగి, రెండు చేతులా ఆకు నా ముందు పెట్టింది.

"ఏమే, ముసలిదానికి ముల్లు లేని ముక్క దొరకలేదా?" అన్నాను.

సలా తల ఎత్తింది. ఊరికి వచ్చిన పెద్ద అతిథిని చూసి నవ్వినట్టు, నిండుగా, చక్కగా నవ్వింది.

"వేరేది తెస్తానండి" అంది. "కూర్చోండి."